గార్నెట్ తెరిచే బీరువాలు

ఆదివారం, మే 7

బేకరీలో మాంసం కూరిన పాస్టీలు రెండు కట్టించుకుని తమ్ముడు గార్నెట్ దగ్గరికి వెళ్ళాను. వాడు ఎప్పటిలాగే రెండు కొసలూ ముందు తిని, మాంసం ఎక్కువున్న మధ్య ముక్కని చివరికి ఉంచుకున్నాడు. నేను ఏ వైపు నుంచి పడితే ఆ వైపు నుంచి తింటాను కాబట్టి నా వైపు చూడకుండా తిన్నాడు. వాడికి అరవై ఆరు. నాకంటే అయిదేళ్ళు చిన్న.

వాడిలా ఒంటరిగా బతకలేనివాళ్ళని చూసుకునే ఆ ఇంటి గుమ్మం దగ్గర కొత్త బోర్డు పెట్టారు, ‘ఇది మా ఇల్లు’ అని. ఇల్లయిన చోట ఎవరూ అలా రాసుకోరు. లోపల గోడ నిండా కాగితాలు. చేతులు ఎలా కడుక్కోవాలో బొమ్మలు, నిప్పంటుకుంటే ఏ తలుపు నుంచి పోవాలో బాణం గుర్తులు. ఇప్పుడు కొత్తగా అక్కడుంటున్న అయిదుగురికీ తలొక లక్ష్యం రాసి అంటించారు. నెవిల్ లక్ష్యం కొత్త స్నేహితుల్ని సంపాదించుకోవడం. నెవిల్‌కి ఉన్నవాళ్ళే ఎక్కువ. మనిషి దగ్గరికొస్తే కళ్ళు మూసుకుంటాడు. గార్నెట్ లక్ష్యం తన టోస్ట్ తానే చేసుకోవడం. వాడికి టోస్ట్ గిట్టదు.

నేను బడి మానేసిన ఏడాది నుంచి రిటైరయ్యేదాకా ధాన్యం నిలవచేసే సైలో దగ్గర బార్లీ లారీలు తూచాను. లక్ష్యం అన్నది ఒక్కటి కూడా లేకుండానే గడిచిపోయింది.

బయల్దేరబోతుంటే బ్రయొనీ ఆపింది. ఆ ఇంటికి ఇన్‌ఛార్జి ఆ పిల్లే. మెడలో తాళాల గుత్తి వేసుకుని తిరుగుతుంది.

“ఎల్విన్ గారూ, మీరు వెళ్ళాక ఆదివారాలు గార్నెట్ బాగా కంగారు పడుతున్నాడండీ. ఇంట్లో ఉన్న బీరువాలన్నీ తెరిచేస్తున్నాడు. వంటింటివీ, అందరి బట్టలవీ, ఆఖరికి చీపుర్లు పెట్టేదీ.”

“ఓహో,” అన్నాను.

“మీకేమైనా తోస్తోందా, ఎందుకో?”

“లేదమ్మా.”

నిజంగానే ఏమీ తోచలేదు. తోచినా గబుక్కున చెప్పే మనిషిని కాను. నా భార్య ఐలీన్ ఉన్నన్నాళ్ళూ ఇలాంటివన్నీ తనే మాట్లాడేది. గార్నెట్‌కి వెళ్ళొస్తామని చెప్పడం కూడా తన పనే. నేను అప్పటికే కారులో ఉండేవాణ్ణి. నవంబరు నుంచి రెండు పనులూ నా మీదే పడ్డాయి.

వచ్చేముందు బట్టలుతికే మెషీన్ వేశాను. అది తిరుగుతుంటే గార్నెట్ స్టూలు లాక్కుని దాని ముందు కూర్చుంటాడు. గుండ్రటి అద్దంలోకి చూస్తూ ఉంటే వాడికి లోకంతో పని లేదు. అప్పుడు నేను టోపీ తీసుకుని, ముందు తలుపు చప్పుడు కాకుండా వేసి వచ్చేస్తాను. ఇది నా ఆలోచన కాదు. ఐలీన్ పోయిన కొత్తలో బ్రయొనీయే చెప్పింది, “అతని మనసు ఇంకో దాని మీదికి మళ్ళించి వెళ్ళిపోండి, బాధ ఉండదు” అని. ఎవరి బాధో చెప్పలేదు.

బుధవారం, మే 10

వాన. ఎక్కడికీ వెళ్ళలేదు. ఎవరూ రాలేదు. సూప్ డబ్బా తెరిచాను.

ఆదివారం, మే 14

అడిలైడ్ నుంచి లాక్లన్ అనే అబ్బాయి వచ్చాడు. ప్రవర్తనా నిపుణుడట. బూట్లు చాలా శుభ్రంగా ఉన్నాయి. గార్నెట్‌కి నమస్కారం పెట్టే ముందు గార్నెట్ గురించి రాసుకున్నాడు.

బల్ల చుట్టూ కూర్చోబెట్టారు. వికా టీ తెచ్చింది. ఫిజీ నుంచి వచ్చిన మనిషి. ఆ ఇంట్లో వంట, స్నానాలు, మందులు, గొడవలు తీర్చడం, అన్నీ ఆవిడ మీదుగానే జరుగుతాయి కాబట్టి ఆవిడని కూర్చోమని ఎవరూ అనలేదు.

“అతను తిండి కోసం వెతుకుతున్నాడు,” అన్నాడు లాక్లన్. “ఆదివారం అన్నగారు స్పెషల్‌గా ఏదో తెస్తారు. అది అయిపోయాక ఇంకా కావాలనిపిస్తుంది.”

“చీపుర్ల బీరువాలో ఏముంటుంది బాబూ?” అంది వికా. “చీపుర్లు నములుతాడా?”

“అలవాటు ఒక చోటు నుంచి ఇంకో చోటికి పాకుతుందండీ.”

“పాకుతుందా,” అని వికా చక్కెర గిన్నె అతనికి అందకుండా నా వైపు జరిపింది.

బీరువాలకి తాళాలు వేద్దామనుకున్నారు. కానీ తాళం వేస్తే నిర్బంధం కిందికి వస్తుందట, దానికి పైనుంచి అనుమతి కావాలట. అందుకని ప్రతి బీరువా మీదా ఎర్రటి అరచెయ్యి బొమ్మ అంటించారు, ఆగమని అర్థం వచ్చేట్టు. గార్నెట్ ఒక్కొక్క బొమ్మ దగ్గరికీ వెళ్ళి, తన అరచెయ్యి దానికి సరిగ్గా ఆనించి, సరిపోయిందో లేదో చూసుకుని, తర్వాత తలుపు తెరిచాడు. లాక్లన్ రాసుకున్నాడు.

చివర్లో బ్రయొనీ గొంతు తగ్గించి ఇంకో మాట చెప్పింది. గార్నెట్ ఇలాగే మిగతావాళ్ళ గదుల్లోకి పోతుంటే ఇక్కడ ఉంచుకోవడం కుదరదట. అడిలైడ్‌లో కాపలా మనుషులు ఎక్కువున్న ఇల్లొకటి ఉందట. అక్కడికి మార్చాల్సి వస్తుందట.

“మీరెప్పుడు కావాలంటే అప్పుడు వెళ్ళి చూడొచ్చండీ.”

నేను ట్రాఫిక్ లైట్లున్న ఊళ్ళో కారు నడపను. ఆ సంగతి ఆ పిల్లకి తెలుసు. తెలియదేమో. నేను చెప్పలేదు.

మెషీన్ వేసి వచ్చేశాను.

ఆదివారం, మే 21

తిండి కాదట. ఐలీన్ అట. గార్నెట్ చనిపోయిన వదినని వెతుక్కుంటున్నాడని లాక్లన్ కనిపెట్టాడు. దానికి ఒక బొమ్మల పుస్తకం చేయించాడు. మొదటి పేజీలో తెల్లజుట్టు ముసలావిడ. ఐలీన్ ఎప్పుడూ అలాంటి చొక్కా వేసుకోలేదు. కింద పెద్ద అక్షరాలు: ‘ఐలీన్ చనిపోయింది. ఇది బాధగా ఉంటుంది. బాధగా ఉండటం ఫరవాలేదు.’ తర్వాతి పేజీలో తెరిచిన బీరువా. ‘ఐలీన్ బీరువాలో లేదు.’

రోజూ రాత్రి భోజనానికి ముందు చదవాలట. ఇవాళ నా ఎదురుగా చదివారు. గార్నెట్ బుద్ధిగా విన్నాడు. బీరువా పేజీ రాగానే వేలు పెట్టి చూపించాడు.

“ఐలీన్ శ్మశానంలో,” అన్నాడు. “రెండో వరస. పంపు పక్కన.”

“చాలా మంచిది గార్నెట్,” అంది బ్రయొనీ. “ఇప్పుడిప్పుడే ఒప్పుకుంటున్నాడు.”

వాడు పాతిపెట్టిన రోజు నుంచీ ఒప్పుకునే ఉన్నాడు. ఆ రోజు పలుగులూ పారలూ కడిగి లారీలో పెట్టేదాకా కదల్లేదు. అక్కడ ఒప్పుకోని మనుషులు వేరే.

పుస్తకం చివరిదాకా నేను వినలేదు. కారు లైట్లు వేసి ఉంచానేమో చూద్దామని బయటికి వచ్చాను. వేసి లేవు.

మంగళవారం, మే 23

బేకరీలో వికా కనబడింది. నేను బ్రెడ్ల వైపు తిరిగి నిలబడ్డాను గాని లాభం లేకపోయింది.

“పెద్దాయనా, దాక్కోకండి. మీ టోపీ నాకు రోడ్డవతల నుంచే కనిపించింది.”

“నమస్తే వికా.”

“ఆ పుస్తకం రోజూ చదవలేక ఛస్తున్నాను. బీరువాలో లేదు, బీరువాలో లేదు అని. వాడు వెతికేది ఐలీనమ్మ కోసం కాదు. మీ కోసం.”

“నా కోసమా?”

“తలుపు తెరిచినప్పుడల్లా ‘ఎల్’ అంటాడు. లోపలికి తొంగి చూస్తాడు. లేకపోతే మూసేసి ఇంకో దాని దగ్గరికి పోతాడు. మెషీన్ ముందు కూర్చున్నప్పుడు మీరు వెనకాలే ఉన్నారు. అది ఆగాక తల తిప్పితే లేరు. గుమ్మం దాటడం వాడు చూళ్ళేదు. అంటే ఇంట్లోనే ఎక్కడో ఉన్నట్టేగా?”

“చీపుర్ల బీరువాలో నేనెలా పడతాను?”

“పడతారు. వంటిమీద కండెక్కడుంది? తింటున్నారా అసలు?”

ఆ మాట బ్రయొనీకి కూడా చెప్పిందట. నిపుణుడి ప్లాన్ ఒకటి నడుస్తుండగా మధ్యలో ఇంకోటి పెట్టకూడదని బ్రయొనీ అందట.

“మీరు చెయ్యాల్సింది ఒకటే. వెళ్ళేటప్పుడు వాడి మొహం చూసి, వెళ్తున్నానురా అని చెప్పండి. నోరేం నొప్పి పుట్టదు.”

“సరే,” అన్నాను.

“సరే అంటే?”

“చెప్తానమ్మా.”

బ్రెడ్ కొనకుండానే ఇంటికి వచ్చాను.

నా కోసం వెతుకుతాడట.

బుధవారం, మే 24

చీపుర్ల బీరువాలో కూడా.

ఆదివారం, మే 28

చెబుదామనే వెళ్ళాను. దారిలో కారులో ఒకసారి గట్టిగా అని చూసుకున్నాను కూడా. తీరా అక్కడికి వెళ్ళేసరికి వికాకి సెలవు. మెషీన్‌లో బట్టలు వేసి సిద్ధంగా ఉన్నాయి. గార్నెట్ అప్పటికే స్టూలు లాక్కున్నాడు. అంత హాయిగా కూర్చున్న మనిషిని కదిలించడం ఏం మర్యాద? వాన వచ్చేట్టు కూడా ఉంది. మెల్లగా వచ్చేశాను.

వీధి మలుపులో కారు ఆపాను. వెనక టైరులో గాలి తగ్గినట్టు అనిపించింది. దిగి చూస్తుంటే చీకటి పడింది. అక్కడి నుంచి ఆ ఇల్లు పక్కవాటుగా కనిపిస్తుంది. వంటింట్లో లైటు వెలిగింది. ఆరింది. నెవిల్ గదిలో వెలిగింది. ఆరింది. పక్క గది. ఆ పక్క గది. వసారా. గార్నెట్ లైటు వేస్తే మళ్ళీ ఆర్పకుండా రాడు, చిన్నప్పటి నుంచీ. ఇంటి చివర స్నానాల గది ఉంది. అక్కడ కూడా చూశాడు.

టైరు బాగానే ఉంది. వాన రాలేదు.

ఆదివారం, జూన్ 4

“చెప్పారా పోయిన వారం?” అంది వికా, తలుపు తీస్తూనే.

“చెప్పాను.”

“ఏమన్నాడు?”

“ఏమీ అనలేదు. నేను మెల్లగా చెప్పాను.”

“ఎంత మెల్లగా?”

నేను పాస్టీలు ఆవిడ చేతిలో పెట్టాను. పొయ్యి మీద ఏదో మాడుతోంది, అటు పరిగెత్తింది.

ఇవాళ కూడా చెబుదామనే అనుకున్నాను. కానీ ఒక సంగతి ఉంది. చెప్తే ఏడుస్తాడేమో. ఏడ్చే మనిషిని వదిలి రావడం కంటే ఇదే నయం. నయం ఎవరికి అంటే, వాడికే.

మలుపులో ఆగాను, టైరు కోసం. ఇవాళ రెండుసార్లు వెతికాడు. మొదటి చుట్టు అయిపోయాక మళ్ళీ వంటింటి నుంచి మొదలుపెట్టాడు. రెండోసారి నెవిల్ గదిలో లైటు వెలిగి, ఆరలేదు. ఎంతసేపటికీ ఆరలేదు. జూన్ చలి మొదలైంది, వచ్చేశాను.

ఇన్నేళ్ళలో నన్ను ఎవరూ ఒకసారి చూసి లేడనుకున్నాక రెండోసారి చూసినట్టు గుర్తు లేదు.

సోమవారం, జూన్ 5

పొద్దున్నే బ్రయొనీ ఫోన్. గార్నెట్ నెవిల్ బీరువా తెరిచి లోపల చెయ్యి పెట్టి వెతుకుతుంటే, నెవిల్ కంగారుగా తలుపు తోసేశాడట. గార్నెట్ చేతి వేళ్ళు రెండు విరిగాయి. ఆసుపత్రికి తీసుకెళ్ళి కట్టు వేయించారు. నెవిల్ రాత్రంతా ‘నా బట్టలు, నా బట్టలు’ అని ఏడ్చాడట. వాడి తప్పేముంది? ఎవరి బీరువాలోనైనా ఎవరైనా అలా చేతులు పెడితే ఊరుకుంటారా?

పాతకాలం చెక్క తలుపులు. బరువు. ఆ బీరువాలు ఎప్పుడో మార్చి ఉండాల్సింది. ఆ ఇంటివాళ్ళకి దేని మీదా శ్రద్ధ లేదు.

మంగళవారం, జూన్ 6

మీటింగ్ పదహారున. అడిలైడ్‌కి పంపాలా వద్దా అని తేలుస్తారట. అందాకా నన్ను రావద్దన్నారు, ‘పరిస్థితి కుదుటపడేవరకు’. మంచిదే. ఆదివారాలు నాకూ పనులుంటాయి.

ఆదివారం, జూన్ 11

బేకరీలో అమ్మాయి అడక్కుండానే రెండు పాస్టీలు కట్టింది. ఒకటి చాలని చెప్పడం దేనికని తెచ్చుకున్నాను. రెండోది కొసల నుంచి తిని చూశాను. తేడా ఏమీ లేదు.

సాయంత్రం వికా ఫోన్ చేసింది.

“మీరు రాలేదు కాబట్టి వెతకలేదు. ఒక్క తలుపు ముట్టుకోలేదు.”

“మంచిదే కదా.”

“మంచిదా? ఆ లాక్లన్ ఏం రాశాడో తెలుసా? మీరు రావడం వల్లే ఇదంతా అని. మీరు రాకపోతే పిల్లాడు బంగారమట. పెద్దాయనా, ఒకటి అడుగుతా. నిజంగా చెప్పారా వాడికి, వెళ్తున్నానని?”

ఫోన్‌లో నాకు సరిగ్గా వినబడదు. అదే చెప్పాను.

“వినబడకపోతే ఇది కూడా వినకండి. వాడి వేళ్ళు నేను కట్టు మార్చేటప్పుడు చూస్తున్నాను. మీరు చూడట్లేదు.”

ఫోన్ పెట్టేసింది.

బుధవారం, జూన్ 14

ఏమీ లేదు.

శుక్రవారం, జూన్ 16

ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. బ్రయొనీ, లాక్లన్, కంప్యూటర్ తెర మీద అడిలైడ్ నుంచి ఒక ఆవిడ. ఆవిడ మాట ముందు వచ్చేది, మొహం తర్వాత కదిలేది. గార్నెట్‌ని మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు, అన్నీ అతని ఇష్టప్రకారమే జరగాలి కాబట్టి. చేతికి తెల్ల కట్టు. నన్ను చూసి “ఎల్” అన్నాడు. అన్నాక ఇక చూడలేదు.

లాక్లన్ వాడి ముందు రెండు బొమ్మలు పెట్టాడు. ఒకటి ఈ ఇల్లు. ఇంకోటి అడిలైడ్ ఇల్లు, ముందు ఈత కొలను. ఈ ఇంటి బొమ్మ మబ్బు రోజున తీసినట్టుంది.

“గార్నెట్, నీకు ఎక్కడ ఉండాలనుంది? తొందరేం లేదు. ఇది నీ నిర్ణయం.”

గార్నెట్ రెండు బొమ్మల్నీ అంచులు కలిసేట్టు సర్ది, లాక్లన్ సంచీ తెరిచి, లోపల పెట్టి, జిప్పు వేశాడు. ఒంటి చేత్తో, కొంచెం సేపు పట్టింది. అందరం ఆగాం.

“ఆలోచించుకోవడానికి ఇంకా సమయం కావాలంటున్నాడు,” అన్నాడు లాక్లన్.

“సంచీ తీసుకుని వెళ్ళిపొమ్మంటున్నాడు,” అంది వికా, గుమ్మంలోంచి.

“వికా, ప్లీజ్,” అంది బ్రయొనీ.

తర్వాత కుటుంబం తరఫున ఏమైనా చెప్తారా అని నన్ను అడిగారు. కుటుంబం అంటే నేనే. అందరూ నా వైపు తిరిగారు, తెర మీద ఆవిడ కూడా, కొంచెం ఆలస్యంగా.

“వాడికి ఇక్కడే బాగుంటుంది కదా,” అన్నాను.

“మీ బాధ నాకర్థమవుతోంది ఎల్విన్ గారూ,” అన్నాడు లాక్లన్. నేను బాధ అనలేదు. “కానీ మీరు వచ్చిన ఆదివారం గార్నెట్ ఇల్లంతా వెతుకుతున్నాడు. రాని ఆదివారం ప్రశాంతంగా ఉన్నాడు. ఇందులో ఎవరి తప్పూ లేదు. కాకపోతే ఇక్కడ ప్రేరకం మీరే.”

నన్ను చాలామంది చాలా అన్నారు, సైలో దగ్గర. ప్రేరకం అని ఎవరూ అనలేదు.

“కారణం కుటుంబమే అయితే,” అంది తెర మీద ఆవిడ, “కొంచెం దూరం అందరికీ మంచిదే.”

వికా నా వైపు చూస్తోంది. నేను కప్పులోకి చూశాను. అందులో టీ లేదు. నేను చెప్పదలుచుకుంటే ఒక్క వాక్యం. నేను చెప్పదలుచుకోలేదని కాదు. నోట్లోకి రాలేదు.

సరే, ఇవాళ్టికి ఆపి వచ్చేవారం నిర్ణయం చెప్తామన్నారు. గార్నెట్ నన్ను చూసి మళ్ళీ కంగారు పడకుండా బ్రయొనీ లేచి వెళ్ళి మెషీన్ వేసింది.

“గార్నెట్, రా, చూడు, తిరుగుతోంది.”

వాడు వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు. బ్రయొనీ నాకు కళ్ళతో తలుపు చూపించింది. పెదవులు మాత్రం కదిలించి, “మెల్లగా” అంది. లాక్లన్ తల ఊపాడు. తెర మీద ఆవిడ కూడా ఊపింది. చదువుకున్న నలుగురూ ఊపిరి బిగబట్టి, ఒక ముసలాణ్ణి దొంగలా బయటికి పంపుతున్నారు, తమ్ముడికి తెలియకుండా. ముగ్గురే. నాలుగోవాణ్ణి నేను.

టోపీ తీసుకున్నాను. గడియ మీద చెయ్యి వేశాను. అంత బాగా నాకు ఇంకే పనీ రాదు. వెనక్కి చూస్తే వాడి వీపు, మోకాలి మీద ఆ తెల్ల కట్టు. మెషీన్ ఆగాక లేస్తాడు. కట్టుతోనే తెరుస్తాడు ఒక్కొక్క తలుపూ. వాళ్ళు రాసుకుంటారు. రాసుకోవడం అయ్యాక అడిలైడ్.

వెనక్కి వెళ్ళి మెషీన్ ఆపేశాను. నీళ్ళు గుడగుడమని నిలిచిపోయాయి. గార్నెట్ చాలా కోపంగా తల తిప్పాడు.

“ఒరే గార్నెట్. నేను వెళ్తున్నాను. మా ఇంటికి. ఈ తలుపులోంచే వెళ్తున్నాను. ఆదివారం వస్తాను.”

మాట మరీ గట్టిగా వచ్చింది. సైలోలో బెల్టు తిరుగుతున్నప్పుడు అరిచినట్టు. తెర మీద ఆవిడ ఉలిక్కిపడింది.

వాడు ఏడవలేదు. నన్ను చూశాడు, టోపీ చూశాడు. లేచి నాతో పాటు గుమ్మం దాకా వచ్చి, బాగున్న చేత్తో తలుపు తీసి పట్టుకున్నాడు. నేను బయటికి వచ్చాను. నేను మెట్టు దిగుతున్నానో లేదో చూశాడు. తలుపు వేసి, గడియ పెట్టాడు. లోపల మెషీన్ మళ్ళీ మొదలైంది.

సాయంత్రం వికా ఫోన్. ఈసారి బాగా వినబడింది.

“ముగ్గురూ కలాలు పట్టుకుని బీరువాల వంక చూస్తూ కూర్చున్నారు పెద్దాయనా. మెషీన్ ఆగింది. వాడు లేచాడు. లాక్లన్ కూడా లేచాడు. వాడు వంటింట్లోకి పోయి టీ అడిగాడు. అంతే.”

“బీరువాలు?”

“ఒక్కటి కూడా తెరవలేదు. బొమ్మలు చూపించి నిర్ణయం అతని చేతికి ఇచ్చాం కాబట్టి కుదుటపడ్డాడని లాక్లన్ అంటున్నాడు. అడిలైడ్ మాట ఇప్పట్లో లేదట. ఆ బొమ్మల గురించి ఎక్కడో ఉపన్యాసం ఇస్తాడట.”

“ఇవ్వనీ.”

“మీ గొంతు గురించి చెప్పడులెండి. వీధి చివరిదాకా వినబడింది.”

ఆదివారం, జూన్ 18

చెప్పాను. తలుపు తీసి పట్టుకున్నాడు. వేశాడు.

మలుపులో ఆగాను. హాల్లో ఒక్క లైటే ఉంది, అది ఎప్పుడూ ఉంటుంది. కాసేపు చూశాను. ఇంకేదీ వెలగలేదు. అందరికీ కావలసింది ఇదే. నాకు కూడా.

టైరు సంగతి ఇక చూడక్కర్లేదు.

ఆదివారం, జూన్ 25

గోడ మీద గార్నెట్ కాగితం మార్చారు. టోస్ట్ పోయింది. ‘నా లక్ష్యం: వచ్చినవాళ్ళకి వీడ్కోలు చెప్పడం నేర్చుకుంటాను.’ పక్కన నవ్వుతున్న సూర్యుడి బొమ్మ.

“చాలా త్వరగా నేర్చుకుంటున్నాడండీ,” అంది బ్రయొనీ. “మీరు గమనించారా?”

“గమనించానమ్మా.”

“ఇలాంటివి కుటుంబాలకి మామూలుగా తెలీవు. అందుకే మేం ప్లాన్ అనేది పెట్టుకునేది.”

వికా ప్లేట్లు కడుగుతోంది. ఒక ప్లేటు కొంచెం గట్టిగా పెట్టింది.

ఆదివారం, జూలై 2

ఇవాళ ఎండ బాగుంది. పాస్టీలు వేడిగా దొరికాయి. భోజనం అయ్యాక సాయంత్రం దాకా కూర్చుని, రేడియోలో ఫుట్‌బాల్ విని, చీకటి పడేముందు బయల్దేరదామని నా లెక్క. ఎప్పుడూ అంతే.

గార్నెట్ మధ్య ముక్క తినేశాడు. ప్లేటు సింకులో పెట్టాడు. చెయ్యి తుడుచుకున్నాడు. వెళ్ళి నా టోపీ తెచ్చి నా ముందు పెట్టాడు.

“ఎల్ వెళ్తున్నాడు,” అన్నాడు.

“ఇప్పుడే కాదురా. ఇంకా టీ తాగలేదు.”

“ఇంటికి. ఈ తలుపులోంచే.”

“ఆట మొదలవుతుందిరా ఇప్పుడు, రేడియోలో.”

వాడు వెళ్ళి తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. వెలుగంతా లోపలికి పడింది. నెవిల్ కళ్ళు మూసుకుని, “చలి, చలి,” అన్నాడు.

“ఆదివారం వస్తాడు,” అన్నాడు గార్నెట్.

“ఇవాళే ఆదివారం.”

ఆలోచించాడు. “వచ్చే ఆదివారం.”

వికా అంట్ల గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది. “లేవండి పెద్దాయనా. ఆయన లక్ష్యం నెరవేర్చుకుంటున్నాడు, మీరు అడ్డం పడకండి.”

“టీ పెడుతున్నావనుకున్నాను.”

“పెడదామనే అనుకున్నా. ఇంటాయన పొమ్మన్నాక నేనెవర్ని?”

లేచాను. టోపీ పెట్టుకున్నాను. గుమ్మం దాటాక ఒక్కసారి వెనక్కి తిరిగాను, ఏదో మరిచిపోయానని చెబుదామని. ఏం మరిచిపోయానో తోచేలోపల తలుపు వేసేశాడు. గడియ చప్పుడయింది. లోపల రేడియో పెట్టారు.

కారులో కాసేపు కూర్చున్నాను, తాళంచెవి కనబడక. జేబులోనే ఉంది.

ఇల్లు చేరేసరికి వాకిట్లో ఇంకా ఎండ ఉంది. మధ్యాహ్నం పూటే ఇంటికి వచ్చేసి మనుషులు ఏం చేస్తారో నాకు తెలియదు. కుర్చీ బయట వేసుకుని కూర్చున్నాను. వచ్చే ఆదివారం రమ్మన్నాడు కదా.